పాతికేళ్లు నిలవుండే తిండిలో ఏముంది, ఏం లేదు?

మన సంఘం కార్యవర్గం వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టబోతున్నది. తుఫానులకూ మంచుగాలులకూ ముందుజాగ్రత్తగా, "పాతికేళ్లు నిలవుండే" అత్యవసర ఆహారపు బకెట్లను సంఘం తరఫున టోకున కొని సభ్యుల ఇళ్లకు చేర్చాలనీ, ఖర్చులో కొంత సంఘనిధి, కొంత ఆయా కుటుంబాలు భరించాలనీ దాని సారాంశం. ప్రతిపాదించిన పెద్దల సదుద్దేశం గురించి నాకు ఏ సందేహమూ లేదు. 2021 ఫిబ్రవరిలో ఈ టెక్సాస్‌లో ఉన్నవాళ్లెవరూ ముందుజాగ్రత్తను వెక్కిరించరు. ఆ వారం 40 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. కోటి మందికి పైగా జనాన్ని కుళాయినీళ్లు మరగకాచుకొని తాగమన్నారు. కరెంటు పొయ్యి వెలగని ఇంట్లో మరగకాచేదెలా? 200 మందికి పైగా మరణించారు.

అయినా ఈ తీర్మానాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. నాకంటె వయసులోనూ అనుభవంలోనూ పెద్దలయినవారు ఎందరో ఉన్న సంఘం ఇది. కాని తిండికీ ఒంటికీ సంబంధించిన విషయం కాబట్టి, వైద్యుడిగా నోరు మూసుకొని కూర్చోవడం తప్పనిపించి రాస్తున్నాను. నా వాదం ఒక్క మాటలో చెప్పమంటే ఇదీ: మూడు రోజుల కష్టానికి ఆ బకెట్టు అక్కరలేదు, మూడు నెలల కష్టానికి ఆ బకెట్టు చాలదు.

ముందు ఆ బకెట్టు మీద ఏం రాసి ఉంటుందో చూడండి. పెద్ద అక్షరాలతో ఉండేది సర్వింగుల లెక్క. "100 సర్వింగులు" అనగానే రోజుకు మూడు పూటల చొప్పున ఒక మనిషికి నెలరోజుల తిండి అనుకుంటాం. సర్వింగంటే పూట భోజనం కాదు. అది చిన్న గిన్నెడు జావ కావచ్చు, ఇంత సూపు కావచ్చు. కొన్ని బకెట్లలో పంచదార కలిపిన పానకంపొడి కూడా సర్వింగుల జాబితాలోనే లెక్కకు వస్తుంది. ఒక్కో సర్వింగు 200 కేలరీలు అనుకుందాం. 100 సర్వింగులకు 20,000 కేలరీలు. మనిషికి రోజుకు 2,100 కేలరీల చొప్పున లెక్కగడితే, ఆ బకెట్టు ఒక మనిషికి తొమ్మిదిన్నర రోజులు వస్తుంది. నలుగురున్న ఇంటికి రెండు రోజులు దాటి మూడోరోజు మధ్యాహ్నానికి అడుగు కనిపిస్తుంది. నెల ఏమయింది? లెక్కల్లో పుట్టి పెరిగిన మన ఇంజనీర్లు ఈ చిన్న భాగహారం చెయ్యకుండా తీర్మానం ఎలా రాశారో నాకు అంతుపట్టలేదు.

ఈ 2,100 సంఖ్య నేను ఊహించింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం, ప్రపంచ ఆహార కార్యక్రమం, యూనిసెఫ్ కలిసి శరణార్థి శిబిరాలకు తిండి లెక్క వేసేటప్పుడు మొదట పెట్టుకొనే అంకె అది. అదే లెక్కలో మరి రెండు అంకెలున్నాయి. కేలరీలలో 10 నుంచి 12 శాతం ప్రొటీన్ నుంచి రావాలి, కనీసం 17 శాతం కొవ్వు నుంచి రావాలి. 2,100లో 17 శాతం అంటే 357 కేలరీలు. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు కాబట్టి దాదాపు 40 గ్రాముల కొవ్వు, అంటే మూడు టేబుల్ స్పూన్ల నూనె. సర్వస్వం పోగొట్టుకొని గుడారంలో ఉన్న మనిషికి కూడా రోజుకు ఇంత కొవ్వు తప్పదని ఆ సంస్థలు అంటున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ప్రభుత్వం పంచిన సరుకుల్లో బియ్యం, కందిపప్పు, పంచదారలతో పాటు పామాయిలు కూడా ఉంది. వరదబాధితుడి సంచిలో ఉన్న నూనె, డాలర్లు పోసి కొనే మన బకెట్టులో ఎందుకు ఉండదు?

కారణం చాలా సామాన్యం. కొవ్వు నిలవుండదు. గాలి, వెలుతురు, వేడి తగిలితే నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఆక్సిజన్‌తో కలిసి చెడిపోయి కనరు వాసన వేస్తాయి. మన అమ్మమ్మలకు ఇది తెలుసు కాబట్టే ఆవకాయ జాడీలో నూనె తేలేలా పోసి, వాసెన కట్టి, నీడపట్టున పెట్టేవారు. అయినా ఏడాదికే కొత్త ఆవకాయ పెట్టేవారు గాని పాతికేళ్లకు పెట్టలేదు. పాతికేళ్ల హామీ ఇచ్చేవాడు చెయ్యగలిగింది ఒక్కటే: కొవ్వున్న పదార్థాలు తగ్గించి, పిండి, పంచదార, ఎండబెట్టిన బంగాళాదుంప, వెన్న తీసిన పాలపొడి, ఉప్పు నింపడం. అంచేత ఆ బకెట్లలో చాలావాటి గొప్పతనం, మనకు కావలసినది తీసెయ్యడం వల్ల వచ్చిన గొప్పతనం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "డాక్టరుగారూ, క్లినిక్కుకు వస్తే నూనె తగ్గించండి, నెయ్యి మానండి అంటారు. ఇప్పుడేమో కొవ్వు లేదని గొడవ చేస్తారేం?" న్యాయమైన ప్రశ్నే. రోజూ కడుపునిండా తిని, కారెక్కి, కుర్చీలో కూర్చొని పనిచేసే మనిషికి చెప్పే మాట వేరు. ఇల్లు చల్లబడి, పొయ్యి వెలగక, రోడ్లు మూసుకుపోయి, చేతికందినది తిని గడపవలసిన మనిషికి చెప్పే మాట వేరు. పిండిపదార్థం గ్రాముకు 4 కేలరీలే ఇస్తుంది. అందుకని తక్కువ బరువులో, తక్కువ చోటులో, వండకుండా ఎక్కువ శక్తి ఇవ్వగలిగింది కొవ్వొక్కటే. తిన్నది కాసేపు కడుపులో నిలిచేదీ దానివల్లనే. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే తిండిలో కొవ్వు ఉండాలి. రెండేళ్లలోపు పిల్లలకు కొవ్వు తగ్గించడం మామూలు రోజుల్లోనే తప్పు, ఇక ఆపదలో చెప్పేదేముంది? లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలను మన ఒళ్లు తయారుచేసుకోలేదు. కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టిన ఎలుకల చర్మం పొలుసులు దేలి, ఎదుగుదల ఆగిపోయిందని బర్ దంపతులు 1929లోనే చూపించారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మూడు రోజులు కొవ్వు తినకపోతే ఎవరి చర్మమూ పొలుసులు దేలదు. మూడు రోజుల్లో ఏ విటమిన్ లోపమూ పైకి రాదు. ఆ మూడు రోజుల్లో ప్రాణం తీసేవి చలి, దాహం, మందులు అందకపోవడం. బొగ్గుల కుంపటి ఇంట్లోకి తెచ్చుకోవడం, గరాజ్‌లో జనరేటర్ నడపడం కూడా ప్రాణం తీస్తాయి. 2021లో కార్బన్ మోనాక్సైడ్ సోకి పోయినవాళ్లున్నారు. ఇక బకెట్టు తిండిని నానబెట్టాలంటే నీళ్లు కావాలి, అదీ వేడినీళ్లు. మనిషికి రోజుకు గాలను నీళ్లు దాచుకోమని ప్రభుత్వం చెబుతున్నది. ఆ నీళ్లు దాచని ఇంట్లో ఎండు తిండి బకెట్టు ఉన్నా లేనట్టే. అందుకనే మూడు రోజులకు అది అక్కరలేదన్నాను.

పోతే, "అంతకంటె ఎక్కువ రోజులు వస్తేనో?" అంటారా? అప్పుడు లోపాలు ఒక్కొక్కటే బయటపడతాయి. బి1 విటమిన్ మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిలవుండదు. పైగా పిండిపదార్థం ఎక్కువ తినేకొద్దీ దాని అవసరం పెరుగుతుంది. ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాల్లో మరపట్టిన తెల్లబియ్యం తినేవాళ్లలో బెరిబెరి ఉండేది. ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఆ బాధ తక్కువ. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 కొంత గింజలోకి దిగుతుంది కాబట్టి. ఇది, "మా ఇంట్లో రెండు బస్తాల సోనా మసూరి ఉంది, మాకేం భయం?" అనే మిత్రులకు కూడా జవాబు. 100 గ్రాముల బియ్యంలో కొవ్వు గ్రాముకు అటూఇటూ. కందిపప్పులో గ్రామున్నర. రోజుకు 400 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పప్పు తిన్నా 1,600 కేలరీలు, అయిదు గ్రాములు కూడా రాని కొవ్వు. కడుపు నిండుతుంది, అవసరం నిండదు.

ఒక్క పదార్థం తప్పిస్తే ఏమవుతుందో మలావి దేశం చూసింది. మొజాంబిక్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన లక్షలాది శరణార్థులు అక్కడ మొక్కజొన్న పిండి మీద బతికారు. వారి రేషనులో నియాసిన్ అనే విటమిన్‌కు ముఖ్యమైన ఆధారం వేరుశెనగ. 1989లో ఆ వేరుశెనగ సరఫరా దెబ్బతిన్నది. 1990లో 18,000 మందికి పైగా పెల్లాగ్రా వచ్చింది. చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. కేలరీల లెక్క కాగితం మీద ఎలా ఉన్నా, గుప్పెడు వేరుశెనగపప్పు లేకపోవడం ఒక పెద్ద రోగాన్ని తెచ్చిపెట్టింది. ఈ రోగం మనకు కొత్తది కాదు. తెలంగాణలో జొన్నకూడు తప్ప మరొకటి దొరకని పేదల్లో ఇదే పెల్లాగ్రాను హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ గోపాలన్ పరిశీలించి, జొన్నలో లూసిన్ ఎక్కువగా ఉండడం ఒక కారణమని 1960లో వాదించారు. అంతకు ముందే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, తిన్నది ఒంటబట్టని స్ప్రూ వ్యాధితో స్వయంగా బాధపడి, ఈ దేశం వచ్చి, ఫోలిక్ ఆమ్లం తయారీలో తన బృందంతో విజయం సాధించారు. కడుపు నిండడం వేరు, ఒళ్లు పోషణ పొందడం వేరు అని ప్రపంచానికి చెప్పినవాళ్లలో మనవాళ్లున్నారు. ఆ సంగతి మనమే మరిచిపోతే ఎలా?

మరి కొందరు కుర్రవాళ్లు, "మా దగ్గర ప్రొటీన్ పౌడరు డబ్బాలున్నాయి, అది చాలు" అంటున్నారు. ఉత్తర ధ్రువప్రాంతాల్లో తిరిగిన స్టెఫాన్సన్ అనే అన్వేషకుడు 1928లో న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రిలో వైద్యుల పరిశీలనలో మాంసం మీదనే ఉన్నాడు. మొదట్లో కొవ్వు లేని మాంసం పెట్టగా కొద్ది రోజుల్లోనే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. కొవ్వు కలిపిన తరవాత కుదుటపడ్డాడు. చలికాలంలో బక్క కుందేళ్లు మాత్రమే దొరికిన వేటగాళ్లకు ఇదే రోగం వచ్చేది. ప్రొటీన్‌ను శక్తిగా మార్చినప్పుడు పుట్టే నత్రజనిని యూరియాగా మార్చడానికి కాలేయానికి ఒక హద్దు ఉంది. ఆ యూరియా బయటికి పోవడానికి నీళ్లు కావాలి. అందుకనే ఓడల లైఫ్‌బోట్లలో పెట్టే బిస్కట్లలో ప్రొటీన్ కావాలనే తగ్గించి, పిండీ కొవ్వూ పెంచుతారు. నీళ్లు తక్కువ ఉన్నచోట ఉత్త ప్రొటీన్ పొడి మీద ఆధారపడడం తెలివైన పని కాదు. మల్టీవిటమిన్ మాత్రలు మంచివే, ఒక సీసా ఉంచండి. అయితే మాత్రలో కేలరీ లేదు, కొవ్వు లేదు.

విమర్శించడమేనా, దారి చెప్పేదేమన్నా ఉందా అని అడుగుతారు. ఉంది. అది ఏ కంపెనీ అమ్మదు, మన వంటింట్లోనే ఉంది. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లలకు ప్రపంచమంతటా ఇస్తున్న ప్లంపీనట్ అనే పొట్లం 1996లో ఫ్రాన్సులో పుట్టింది. అందులో ఉన్నదేమిటి? వేరుశెనగ ముద్ద, పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు, లవణాలు. 92 గ్రాముల పొట్లానికి 500 కేలరీలు. వండనక్కరలేదు, నీళ్లు కలపనక్కరలేదు. ఆ విటమిన్లు తీసేస్తే, అది మన పల్లీ ఉండకు దగ్గర చుట్టం.

పెద్ద మనిషికి ఒక రోజుకు, పొయ్యి వెలిగించకుండా, నేను వేసిన లెక్క ఇది. అటుకులు 200 గ్రాములు, వేయించిన వేరుశెనగపప్పు 60, పుట్నాలపప్పు 60, బెల్లం 60, ఖర్జూరం 60, వెన్న తియ్యని పాలపొడి 50, నెయ్యి 15 గ్రాములు. నెయ్యి విడిగా తిననక్కరలేదు, సున్నుండ రూపంలో లోపలికి పోతుంది. మొత్తం అరకిలో బరువు. సుమారు 2,000 కేలరీలు, 60 గ్రాముల కొవ్వు, 50 గ్రాములకు పైగా ప్రొటీన్. ఇందులో కొంత నువ్వుల చిమ్మిలిగా, తొలి ఏకాదశికి చేసుకొనే పేలపిండిగా, కందిపొడిగా మార్చుకోవచ్చు. రోజుకో చెంచా అవిసె గింజల పొడి వేసుకుంటే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం వస్తుంది. నెయ్యిలోనూ ఎండుకొబ్బరిలోనూ అవసరమైన ఆ కొవ్వు ఆమ్లాలు తక్కువ. అంచేత వాటి మీదనే ఆధారపడకుండా వేరుశెనగ, నువ్వులు ముఖ్యంగా ఉంచుకోవాలి. చేపలు తినేవాళ్లు సార్డిన్ డబ్బాలు నాలుగు పెట్టుకోండి. తాగే నీళ్లు మాత్రం ఎవరికైనా వేరే దాచాల్సిందే.

అందరికీ ఒకే లెక్క పనికిరాదు. మధుమేహం ఉన్నవాళ్లు బెల్లం, ఖర్జూరం తగ్గించి పుట్నాలు, వేరుశెనగ పెంచుకోవాలి. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడేవాళ్లు తిండి తగ్గిన రోజున మందు మోతాదు ఏం చెయ్యాలో తమ డాక్టర్ని ఇప్పుడే అడిగి, కాగితం మీద రాయించి ఉంచుకోవాలి. మనల్ని చూడవచ్చిన అమ్మానాన్నలకు రక్తపోటు ఉంటే, ఉప్పు దట్టించిన సూపు పొడులు వారికి మంచివి కావు. మన ఆవకాయా అంతే, నంజుకోవడానికే గాని ఆధారపడడానికి కాదు. ట్రైగ్లిసరైడ్లు విపరీతంగా పెరిగి క్లోమం వాచినవాళ్లు కొవ్వు పెంచకూడదు. నాలుగేళ్లలోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి ఇవ్వండి. వేరుశెనగ పడని పిల్లలున్న ఇంట్లో ముందే వేరే ఏర్పాటు చూడండి. చంటిపిల్లల తల్లులు పాలివ్వడం ఆపకూడదు. డబ్బా పాల పిల్లలకు నీళ్లు కలపనక్కరలేని సీసా పాలు దాచండి. శాకాహారుల్లోనూ, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలోనూ బి12 నిలవలు ముందే తక్కువగా ఉండవచ్చు. ఆపద వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇవన్నీ ఏ బకెట్టు మూత మీద రాసి ఉన్నాయి?

కొవ్వు చెడిపోతుందని నేనే అన్నాను కదా, మరి నిలవ సంగతి? దానికి మందు పాతికేళ్ల మూత కాదు, తిరగలి లాంటి వాడుక. ముందు కొన్నది ముందు తినాలి, తిన్నంత మళ్లీ పెట్టాలి. టెక్సాస్ ఎండల్లో గరాజ్ పొయ్యిలా కాగుతుంది, అక్కడ నూనెగింజలు పెట్టనే కూడదు. చల్లని, చీకటి అలమారలో గాలి చొరని డబ్బాల్లో ఉంచాలి. బూజు పట్టినవీ, కనరు వాసన వేసేవీ పారెయ్యాలి. తడి తగిలిన వేరుశెనగలో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం. ఏడాదికి రెండుసార్లు డబ్బాలు మార్చుకుంటే చాలు. ఉగాదికి ఒకసారి, జూన్‌లో మొదలయ్యే తుఫానుల కాలానికి ముందు. దీపావళికి ఒకసారి, చలికి ముందు. పాత డబ్బాలోవి పండగకు మనమే తినేస్తాం, అందులో నష్టమేముంది?

"ఇదంతా చేసే తీరిక ఎవరికుంది, బకెట్టయితే ఒక్కసారి కొని పడేస్తే సరి" అన్నారు ఒక మిత్రులు. నాకు భయం అక్కడే. కొని పడేసినదాన్ని మళ్లీ చూడం. అందులో ఏముందో తెలియదు, ఇంటిల్లిపాదికీ సరిపోతుందో లేదో తెలియదు, పిల్లలు నోట పెడతారో లేదో తెలియదు. అయినా జాగ్రత్తపడ్డామన్న తృప్తి మాత్రం ఉంటుంది. ఆ తృప్తే ప్రమాదం. నీళ్లు దాచుకోవలసినవాడు దాచుకోడు, మందులు తెచ్చుకోవలసినవాడు తెచ్చుకోడు.

కాబట్టి నా మనవి: ఈ తీర్మానాన్ని ఓడించండి. దాని స్థానంలో నేను మరొకటి ప్రతిపాదిస్తున్నాను. ఆ నిధిలో కొంత భాగంతో, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకూ కొత్తగా వచ్చిన విద్యార్థుల గదులకూ నీళ్ల డబ్బాలు, నెయ్యి, వేరుశెనగ, పాలపొడి, అటుకులు కొని ఇద్దాం. పోయిన కరెంటు రెండు రోజుల్లో రాకపోతే ఎవరి ఇంటికి ఎవరు వెళ్లి చూడాలో వీధివారీగా జాబితా రాసుకుందాం. దీపావళికి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం కలిసి సున్నుండలూ చిమ్మిలీ కట్టుకుందాం, మగవాళ్లు కూడా. లెక్కలు చెప్పడానికి, రక్తపోటు చూడడానికి నేనూ నా తోటి వైద్యులం వస్తాం. ఓటు వేసే ముందు సభ్యులు ఒక్క పని చెయ్యాలని కోరుతున్నాను. ఆ బకెట్టును తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న కేలరీలూ కొవ్వు గ్రాములూ చదివి, మీ ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యతో భాగించి చూడండి. ఆ తరవాత చెయ్యి ఎత్తండి.